మూడో క్యాసెట్టు, రెండో వైపు

ఇది ఏస్తే మీకు మొదట పాట వినపడదు.
రేకు మీద మేకు గీరినట్ల ఒక గీర,
దాని ఎనక డీజిల్ షెడ్డు కూత,
ఇంగా ఎనక ఎవురో
"రేయ్ ఓబులేసూ, వైరు తొక్కొద్దురా" అని అరిసేది.
అరిసింది నేనే.
గుంతకల్లు, రైల్వే ఇన్‌స్టిట్యూటు, తొంభై ఏడు మే నెల.
మైకు సెట్టు బాడుగ నూటాయాభై.
ఈ పొద్దుకీ బాకీనే.

బ్యాండు పేరు కరువు మండలం.
గవర్మెంటు జాబితాలో మా వూరు మల్లా వచ్చిన దినం
కుల్లాయప్ప పేపర్లో ఆ ముక్క కత్తిరించి
డ్రమ్ము మూతికి మైదాపిండితో అంటించినాడు.
తెల్లారేసరికి మేక నాకి పోయింటే
"మండ" ఒకటే మిగిలింది.
ఇదే బాగుందిలే, ఉండనీ అన్నాడు.

డెరిక్‌కు గిటారు మీద వచ్చేది మూడు పట్లు.
నాలుగోది నేర్చుకోరా అంటే
బండికి పట్టాలెన్ని, అంటాడు.
వాళ్ల తాత గార్డు. ఆయన పచ్చజెండా గుడ్డే
గిటారుకు పట్టీ.

హుసేన్‌బీ పాడేది.
పాడేది అనగూడదు.
బోరింగుకాడ బిందె ఎనక్కి జరిపినోళ్లను
ఎట్ల అడుగుతాదో, అట్ల అడిగేది.
పొడుగు పాట అంటే నిమిషం పావు.
"ట్యాంకరు" పాటలో ఉండే మాటలు రెండే:
రాలే. ఎందుకు రాలే.
ఉరవకొండ మార్కెట్ యార్డులో అది పాడితే
జనం బుడ్డలు ఇసిరినారు.
వాయిస్తానే డెరిక్
వొళ్లో పడినేటివి ఒలుచుకొని తిన్యాడు.
(రెండో క్యాసెట్టు. నమిలేది గూడా వినపడతాది.)

ఆ సొంపైన గిటారు వాళ్లకు వద్దంట. గరగర గావాలంట.
గరగర యాడ దొరుకుతాది?
ఓబులేసు గడ్డం గీసుకునే బ్లేడు తీసి
మా స్పీకరు కోన్‌ను అడ్డంగా మూడు గాట్లు పెట్టినాడు.
అబ్బ, ఏం మోత!
గూడ్సు బండి గొంతు పట్టుకొని దగ్గినట్ల.
కిటికీ అద్దంలో నా మొగం అదిరింది.

మా ఓనరు మస్తానయ్యకు ఎవురు చేరేసినారో.
పంచె ఎగ్గట్టుకొని వచ్చి
ఒక్క మాటా మాట్లాడకుండా
ఫీజు పీకి జేబులో ఏసుకున్యాడు.

చీకటి.
టేపు మాత్రం తిరుగుతానే ఉంది.
దాంట్లోవి బ్యాటరీలు, నాలుగు,
పాయింట్స్‌మన్ టార్చిలైటువి, అప్పుడే సగం సచ్చినేటివి.

ఇంగ ఈడినుంచి వినండి.
గిటారు లేదు. తీగల మీద గోరు మాత్రం,
కోడి చాటలో గీరినట్ల.
కుల్లాయప్ప ఆపలేదు.
మైకు లేకుండా హుసేన్‌బీ: రాలే.
చీకట్లోంచి షెడ్డు క్లీనర్లు: రాలే.
ఇడ్లీలమ్మే లక్ష్మక్క: ఎందుకు రాలే.
గచ్చు మీద కాళ్లు.
ఎన్ని కాళ్లో లెక్క తెగదు.
మస్తానయ్య గొంతు ఒకసారి, సన్నంగా:
రాలే.
కాదంటాడు. అది ఆయన గొంతే.

తర్వాత బళ్లారి పోయి
డబ్బులు కట్టి స్టూడియోలో రికార్డు చేయించినారు.
కూత తీసేసినారు, గీర తీసేసినారు, దగ్గు తీసేసినారు.
అన్నీ తీసేసినంక మిగిలినోళ్లు
మాకు పరిచయం లేరు.
ఆ క్యాసెట్టు మీద నేను వేరేవి ఎక్కించుకున్యా.

ఇదొకటే దాచినా.
రెండుసార్లు తెగితే గోళ్లరంగుతో అతికించినా,
అందుకే నడమ ఒక ఎక్కిలి.
ఇంగొకటి చెప్పాల.
బ్యాటరీలు సచ్చేకొద్దీ ఆ రాత్రి టేపు మెల్లగైంది.
మెల్లగ తిరిగింది కాబట్టి
ఇప్పుడు ఏస్తే అంతా ఉరుకుతాది.
హుసేన్‌బీ గొంతు బడి పాపది అయితాది,
ఆనక పిట్టది,
డ్రమ్ము రేకుమీద చినుకులయితాది.
వాళ్లు నిజంగా ఎంత జోరుగా వాయించిరో
నాకూ గుర్తులేదు.

కడాన ఒక నవ్వుంది చూడండి, ఆగిపోయే ముందర.
పాలపండ్ల పిల్లోనిది మాదిరి.
అది నాది.