ఎద్దు వాటా

రాజ్‌కోట్ నుంచి లారీలో దిగింది మిషను.
పాలిథిన్ కవరు విప్పకుండానే
సంఘంలో పదిమందిమీ తలా ఓ చెయ్యి వేసి చూశాం,
కొత్తకోడల్ని చూసినట్టు కాదు,
అప్పిచ్చినవాణ్ణి చూసినట్టు.

చీపురుపల్లి రైల్వేగేటు దాటాక ఎడమపక్క
అసిరయ్య గానుగశాల.
అద్దెకి మాట్లాడింది ధనాలమ్మ.
మోటారుకి దిమ్మ కట్టాలని తవ్వబోతే
నేల ఒప్పుకోలేదు.
ముప్పయ్యేళ్లు ఎద్దు తిరిగిన చోటు,
గుండ్రంగా, బండకన్నా మొండిగా,
గునపం తగిలి ఖంగుమంది.
మేస్త్రీ ఓ బూతు తిట్టి
రెండోరోజు కూలి అదనంగా అడిగాడు.

మిషను నడపడం నా వంతు.
గరివిడిలో మూడురోజులు నేర్పించారు.
నువ్వుల్లో తడి ఆరు శాతం దాటకూడదు.
నూనె వేడి నలభైఅయిదు దాటకూడదు,
దాటితే రంగు చస్తుంది, వాసన చస్తుంది,
సీసా మీద ‘చల్లగా తీసినది’ అని రాసుకోడానికి
మొహం చెల్లదు.
స్క్రూ నెమ్మదిగా తిరగాలి.
చివర కోను బిగిస్తే పిండి పల్చన,
వదిలితే మందం.
మడ్డి దిగడానికి మూడురోజుల కాపలా అక్కర్లేదు,
గుడ్డ బిగించిన పలకల మధ్య తోసేస్తే
గంటలో తేట.

అసిరయ్య రోజూ వచ్చి
గుమ్మంలో గోనె పరుచుకుని కూర్చుంటాడు.
మా గానుగ నూనే నూనె అంటాడనుకున్నాను.
అనలేదు.
ధార కింద వేలు పెట్టి
ముంజేతికి రాసుకుని వాసన చూసి
“బాగున్నాదర్రా” అన్నాడు.
“నాను తాటిబెల్లం నీల్లు సిలకరించీవోణ్ణి,
నేకపోతే నూని ఒగ్గదు.
దీనికి అదీ అక్కర్నేదేటి?”
అక్కర్లేదు తాతా.
“మరి మంచిదే.”

నెలాఖరున లెక్క చూశాం.
క్వింటాలు నువ్వులకి
అసిరయ్య గానుగలో ముప్పైఎనిమిది కిలోలు,
ఇప్పుడు నలభైఅయిదు.
బ్యాంకు వాయిదా మొదలయ్యాక
ధనాలమ్మ నవ్వడం అదే మొదలు.

అసిరయ్య బుట్టలోంచి పిండి రేకు తీశాడు.
అప్పడంలా పెళుక్కుమంది.
నోట్లో వేసుకున్నాడు.
ఉన్న నాలుగు పళ్లతో చాలాసేపు నమిలాడు.
“ఇందల ఎద్దు వాటా ఏదే?”

ఏ ఎద్దు తాతా?

“పిండిలో కూసింత నూని ఉంచీసీవోలం.
తియ్యడం సేతకాక కాదు.
రోకలి మీద ఇంకో రాయెడితే దిగిపోతాది.
దిగనిచ్చీవోలం కాదు.
తిప్పినోడు తినాల కదేటి.”

నవ్వొచ్చింది మాకు.
మోటారు పిండి తింటుందా?
కరెంటు బిల్లు కడుతున్నాం, అదే దాని వాటా,
అంది ధనాలమ్మ.
నిజమే.
ఆయనా నవ్వాడు.
గోనె దులిపి, నాలుగు మడతలు పెట్టి,
చంకలో పెట్టుకుని వెళ్లాడు.

మర్నాడు పెంటమ్మ తిట్టుకుంటూ వచ్చింది.
కుడితిలో పిండి వేస్తే
గేదె మూతి పెట్టి, తీసేసి,
ఆవిడ వైపు అదోలా చూసిందట.
“తవుడు రేటుకి ఊక అమ్ముతున్నారేటర్రా?”
ఏం చెప్పను ఆవిడకి,
శాతాలు చెప్పనా?

సాయంత్రం అందరూ వెళ్లాక
స్పానరు తీసి
కోను నట్టు పావు చుట్టు వదిలాను.
చప్పుడు మారింది,
మోత దించి గట్టు మీద కూలబడినవాడి
ఊపిరిలా.
రేకు కాస్త మందంగా, నల్లగా,
వేళ్లకి అంటుకుంటూ వచ్చింది.

నూనె నలభైమూడు తూగింది.
తక్కువైన రెండు కిలోలకి
రిజిస్టరులో గడి లేదు.
ముందు ‘తరుగు’ అని రాశాను.
తరుగు కాదు కదా.
కొట్టేశాను.
ఇంకేం రాయాలో తోచక
ఆ వరస అలాగే వదిలేసి షట్టరు దించాను.

ఇరవయ్యో తారీకున ధనాలమ్మ అడుగుతుంది.
అడగనీ.