విప్పేసిన అద్దాలు

కరకంబాడి రోడ్డులో నా షెడ్డు.
బల్ల కింద ఒక అట్టపెట్టె,
దాన్నిండా అద్దాలు.
బండి కొన్న మర్నాడే వచ్చి
“తీసెయ్ మామా, గలీజుగా ఉండాయి” అని
పిల్లోళ్లు ఇప్పించుకున్నవి.
ఒక్కోదానికి ఇరవై రూపాయలు
తీసుకున్నోడ్ని నేనే.

బండిని చూసి మనిషిని చెప్తా, జాతకం అక్కర్లా.
వెనక బ్రేకు అరిగిపోయి
ముందు బ్రేకు కొత్తది మాదిరే ఉందంటే
వాడికెవరో చిన్నప్పుడు చెప్పినారు
ముందుది పట్టుకుంటే పల్టీ కొడతావని.
ఆ భయంతోనే ముప్పై ఏండ్లుగా తోల్తా ఉండాడు.
హారను మీట నున్నగా అరిగి
ఇండికేటరు మీట మీద దుమ్ము పేరుకోనుంటే
వాడు లోకానికి చెప్పేది ఒకే మాట:
జరుగు.

కొండ దిగొచ్చిన బండ్లదొక వాసన.
పెట్రోలు మిగుల్తుందని
ఇంజను ఆపి, నూట్రల్లో వదిలి
వంపు వంపుకీ బ్రేకు తొక్కి తొక్కి
డ్రమ్ములు మాడ్చుకోని వస్తారు.
అర లీటరు మిగిల్చినోడి దగ్గిర
బ్రేకు షూలకి నాలుగొందలు తీసుకుంటా.

మొన్నొకాయన, గుండు మీద చందనం తడి ఆరలా,
హెల్మెట్టు మోచేతికి తగిలించుకోనుండాడు.
“మంట పుడ్తా ఉందబ్బా” అన్నాడు.
“సామికి మొక్కుకునింది ఎంట్రుకలే గదన్నా,
తలకాయ గాదు గదా” అన్నా.
నవ్వినాడు. పెట్టుకున్నాడు.
సందు తిరిగేదాకా పెట్టుకున్నాడు.

“పిల్లోడికి ఏ బండి కొనీమంటావు?” అని
తండ్రులు వచ్చి అడుగుతారు.
చిన్న బండైతే భయం లేదంట,
పెద్ద బండైతే యముడంట.
నేనూ అట్నే చెప్తా ఉంటి,
చెంగల్రాయులు మోపెడ్డూ
ఢిల్లీబాబు నాలుగొందల సీసీ బండీ
ఒకే ట్రాలీ ఆటోలో నా షెడ్డుకి వచ్చేదాకా.

చెంగల్రాయులు జన్మలో ముప్పై దాటలా.
రెండు పక్కలా పాల క్యాన్లు,
నాలుగు నెలలుగా వెలగని లైటు.
“ఈ రోడ్డు నాకు తెలీనిదా!” అంటాడు.
యూటర్నుకి అర కిలోమీటరు పోవాలని
తెల్లారుజామున ఎదురు దారిలో
తన పెరట్లో నడిచినట్టు వస్తా ఉండాడు.

ఢిల్లీబాబు ఒకప్పుడు
మా అట్టపెట్టెకి రెండద్దాలు ఇచ్చినోడే.
పోయినేడు భుజం ఎముక విరిగి
మూడు నెలలు అమ్మ చేత్తో అన్నం తిన్నాక
ఆ బండి మీద మనిషి మారిపోయినాడు.
బండి అదే. సౌండూ అదే.
ఆ చీకట్లో
క్యాన్ మూత తళుక్కుమనడం చూసి
రెండు బ్రేకులూ కలిపి పట్టినాడు.
అప్పుటికే నిదానంగా వస్తా ఉండబట్టి
పాలే పోయినాయి రోడ్డు మీద.
మనుషులు లేచి కూచున్నారు.

గుంపు చేరింది.
ఎవురిది తప్పని ఎవురూ అడగలా.
బండ్లను చూసి తీర్పు చెప్పేసినారు.
ఢిల్లీబాబుకి రెండు దెబ్బలు పడినాయి.
చెంగల్రాయులుకి సోడా తెచ్చిచ్చినారు.
ఆ సోడా సగం తాగి
మిగతాది ఢిల్లీబాబుకి ఇచ్చినాడంట ముసలాయన.
ఏమీ మాట్లాడలేదంట.

ఇప్పుడు రెండు బండ్లూ
పక్కపక్కనే స్టాండేసి ఉండాయి.
మోపెడ్డుకి బల్బు ఏసినా, ఆయన్ని అడగలా.
ఢిల్లీబాబు వచ్చి
“నా అద్దాలు ఉండాయా మామా?” అన్నాడు.
పెట్టె బోర్లించినాం.
నేల మీద ఇరవై ముప్పై ముక్కలుగా
రేకుల కప్పు, ట్యూబులైటు, నా గడ్డం.
ఎవురివి ఎవురివో తెలీలా.
ఎడమది ఒకరిది, కుడిది ఇంకొకరిది,
దొరికినవి బిగించినా.
డబ్బులు తీసుకోలా.

రాత్రి పది. షట్టరు దించినా.
మా ఇల్లు డివైడరుకి అవతలే.
ఎదురు దారిలో అయితే రెండు నిమిషాలు,
ఇన్నేళ్లుగా పోయింది అట్నే.
ఈ పొద్దు లైటేసుకోని
యూటర్ను దాకా పోతా ఉండా.

రేపటి సంగతి
ఇప్పుడే చెప్పలేను.