సగం ఊపిరి

లైసెన్సు ఆయన పేరు మీద.
తుపాకీ పోర్టులో పైఅధికారి దగ్గర అరువు.
జీపు కాంట్రాక్టరుది.
దారి మాత్రం అప్పలకొండది.

పెళ్లయిన రెండో ఏడు. అరవై ఆరో, అరవై ఏడో.
మేం గాజువాక దాటేసరికి
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతూనే ఉంది.
ఒళ్లో టిఫిను క్యారియరు, ఆవపెట్టిన పనసపొట్టు కూర.
కాళ్ల దగ్గర తూటాలు, పాత బిస్కెట్ల డబ్బాలో.
గోతుల్లో జీపు ఎగిరినప్పుడల్లా
రెండూ ఒకేలా మోగాయి.

దిగాక చెప్పులు విప్పించాడు అప్పలకొండ.
నా జడ వైపు చూసి మొహమాటపడ్డాడు.
"పూలు తీసీయండమ్మా. ఇర్రికి ముక్కే తుపాకీ.
గాలి కొండకాడి నుంచొస్తంది,
మనం సముద్రమేపు నుంచి ఎల్దారి."
మల్లెదండ జీపు అద్దానికి చుట్టాను.

మొగలి పొదలు దాటాక మైదానం.
ఎంత చదునంటే, దూరంగా పడవ తెరచాప
గడ్డిలో నిలబడినట్టు ఉంది.
ఏడు లేళ్లు. వాటికి కాస్త ఎడంగా
నల్లటి వీపు, తెల్లటి పొట్ట. ఇర్రి.
మేస్తూ మేస్తూ తల ఎత్తి,
మనల్ని కాదు, పొద్దును చూసింది.

ఆయన మోకాలి మీద కూర్చుని గురి పెట్టారు.
గొట్టం కొసన సూర్యుడు వణికాడు.
వణుకు సూర్యుడిది కాదు.
ఒక చీమ ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా నడిచి
తిరిగి వచ్చేసింది.
"భుజం పట్టేసింది రత్నం" అన్నారు, నా మొహం చూడకుండా.
తుపాకీని పసిబిడ్డను అందించినట్టు అందించారు,
తల వాలిపోకుండా.

అప్పలకొండ అటు తిరిగి గడ్డిపోచ నమిలాడు.
కొంతసేపటికి నా వెనక, గాలికన్నా మెల్లగా,
"ఊపిరి సగం వొగ్గీయమ్మా. సగం దాసుకో.
ఆ సగంలో నొక్కాల."

ఆ సగంలో ఎంత చోటుందో!
కొమ్ముల మెలికలు లెక్కపెట్టాను, నాలుగు.
పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చానా అనుకున్నాను.
నొక్కాను.

ముందు కొంగలు లేచాయి. తర్వాత చప్పుడు వినపడింది.
అది పరిగెత్తలేదు.
ముందుకాళ్ల మీద వంగింది,
ఉంగరం పారేసుకున్న మనిషిలా.

అప్పలకొండ సొరకాయ బుర్ర వంచి
దాని నోట్లో నీళ్లు పోశాడు.
"దాహంతో పోకూడదమ్మా, ఎవులైనా."
తిరుగు దారిలో ఎవరం మాట్లాడలేదు.
మల్లెలు మాత్రం వాసన వేస్తూనే ఉన్నాయి.

కొమ్ములు హాల్లో గోడకెక్కాయి.
కథ కూడా ఎక్కింది.
మొదట ఎనభై గజాలు. ప్రమోషన్ వచ్చాక నూట ఇరవై.
పెదవాల్తేరులో ఇల్లు కట్టేసరికి రెండొందలు.
"పాత్రుడు గారి గురే గురి" అనేవాళ్లు అతిథులు.
నేను కాఫీలు అందించేదాన్ని.
మీట నొక్కే చోటికి వచ్చినప్పుడల్లా
ఆయన ఒక్క క్షణం ఆగేవారు, నా వైపు చూసి.
ఆ ఆగడం కోసమే అనుకుంటా,
ఎన్నిసార్లయినా వినేదాన్ని.

మైదానాన్ని ఉక్కు ఫ్యాక్టరీ తీసుకుంది.
ఇరవై ఏళ్లు దాటాక ఒక ఆదివారం
అప్పలకొండ వచ్చాడు, చేతిలో నిర్వాసితుల కార్డు,
కొడుకు ఉద్యోగానికి ఎవరికో ఒక మాట చెప్పమని.
ఆవేళ కూడా అతిథులు. కథ నూట యాభై దగ్గరుంది.
గుమ్మంలోంచే గోడ చూసి నవ్వాడు.
"అమ్మా! మీ ఇర్రి కొమ్ములు ఇంకా అలాగే ఉన్నాయే!
ఏం దెబ్బ కొట్టినారమ్మా ఆవేళ!"

ఫ్యాను తిరుగుతోంది.
ఎవరో కప్పు సాసరులో పెట్టారు, చాలా జాగ్రత్తగా.
ఆయన లేచారు.
తన కుర్చీ జరిపి, "ఇలా కూర్చో కొండా" అన్నారు.
తను గుమ్మం దగ్గరే నిలబడ్డారు, కాఫీ అయ్యేదాకా.

ఆ రాత్రి దక్షిణం వైపు ఆకాశం ఎర్రగా ఉంది,
ఎక్కడో ఉక్కు కరుగుతోంది.
లైటు ఆర్పుతూ అడిగారు,
"నిజంగా ఎన్ని గజాలుంటుంది రత్నం?"
"డెబ్బై" అన్నాను.

"అంతేనా" అన్నారు చీకట్లో.
చాలాసేపటికి,
"అయినా డెబ్బై అంటే తక్కువేం కాదు."