ఇసుకకు సాత్‌బారా లేదు

జువ్విరేవుకు తొవ్వ అడిగితె
సిరొంచ బస్సు కండక్టరు గూడ తల గోక్కుంటడు.
డాంబరు రోడ్డు అయిపోయిన కాడ దిగి
ఇంకో మూడు కోసులు నడువాలె.
ఇండ్లు నలబయ్యారు.
చేతిబోరింగు ఒకటి, నీళ్లకంటె ముందు దగ్గు వస్తది దానికి.
బడి మరాఠీ, బువ్వ తెలుగు,
తిట్లు మాత్రం ఏ బాసల ముందు దొరికితె ఆ బాసల.
నేను ఈ ఊరి కొత్వాల్‌ను, జాడి ఓదెలు.
తలాఠి ఎనుక దఫ్తరం మోసుడు నా కొలువు.

పోయిన ఆషాఢంల కొత్త తలాఠి వచ్చింది,
వర్ధ దిక్కు పిల్ల, ప్రాజక్త మేడం.
ఊరి వివరాల కాయిదం నింపాలెనట.
"పంట భూమి ఎక్కడ?" అన్నది.
గంగ దిక్కు చెయ్యి జాపిన.
ఎర్రనీళ్లు, అవతలి ఒడ్డు ఆనుతలేదు.
"అగో, సుడి తిరిగే కాడ రాజుబాయి చెల్క.
ఆ మొద్దు కొట్టుకపోతున్నది సూడుండ్రి,
ఆత్రం లింగు దోసపాదుల మీదికెల్లే పోతున్నది."
తాగి మాట్లాడుతున్ననా అని నా మొకం జూసింది.
సాత్‌బారా తిరగేసింది. పేరు లేదు, గట్టు నంబరు లేదు.
గడిల రాసింది: నిరంక్.
సున్నాకు సర్కారు పెట్టిన పేరు అది.

పుష్యంల రమ్మంటె బాగుండు.
అప్పుడు గంగ పక్కకు ఒత్తిగిల్లుతది,
కింద పరిచిన తడి ఇసుక బయటపడుతది.
ఏడాదికో తీరు.
ఓ ఏడు మనొడ్డుకు, ఓ ఏడు తెలంగాణ ఒడ్డుకు.
కొట్లాడి ఫాయిదా లేదు,
గంగ ఏ తాసీల్దారు మాట ఇన్నది గనుక!
రాజుబాయి పెనిమిటి వదిలిపోయిన వెదురుగడతోని
ఇసుకను కొలుస్తది, తప్పుతె మల్ల మొదటికెల్లి.
ఇంటికొక గుర్తు చాటల పడుతది:
పగిలిన గాజు, అంగీ గుండీ, ఇప్పగింజ,
మేకమెడ గంట నాలిక.
పాలు మరిచిన పోరి కండ్లు మూసుకొని తీస్తె
ఎవలది ముందొస్తె ఎగువ తడి వాళ్లది.

ఈ ఏడు నేనొక గుర్తు ఎక్కువేసిన,
మేడం మరిచిపోయిన పెన్ను మూత.
ఎవ్వలు ఏమనలే.
"ఆమె సుత ఊరి మనిషే గద" అన్నది రాజుబాయి,
ఆకు నములుకుంట.
మూడో ఎత్తుకే వచ్చింది ఆ మూత!

మోచేతి లోతు తవ్వితె చెలిమె ఊరుతది.
గుప్పెడు మేకపెంట, నాలుగు పుచ్చగింజలు,
గాలికి ఇసుక కప్పకుంట చుట్టు రెల్లు దడి.
రాత్రి మంచె మీద డబ్బా కొట్టుకుంట కావలి.
నక్కకు తెలుసు ఏ కాయ పండిందో,
మనకంటె ఒక రాత్రి ముందే.
మేడం ముక్కకు నీళ్లు పోసింది నేనే,
లింగు గూడ పోసిండు, అడగకుంటనే.

చైత్రంల మంచిర్యాల ట్రాలీ వస్తది.
పోరగాండ్లు బడిల నేర్చిన తీరు
ఏక్, దోన్, తీన్ అని లెక్కబెడుతుంటె
రాజుబాయి గదుముతది.
మొదటి కాయను ఒకటి అనొద్దురా, లాభం అనాలె.
లాభం, రెండు, మూడు.
ఆ లాభం కాయనే గోనెసంచిల ఏసుకొని
నేను ఆఫీసుకు పోయిన.

బల్ల మీద కోసినం. చాకు ఆన్చంగనె టప్పున పగిలింది.
మేడం మోచేతుల దాకా రసం.
"ఎవరి చేనుది ఓదెలు, ఇంత తీపి?"
"నిరంక్ లది మేడం."
నవ్వుతదనుకున్న. నవ్వలే.
కిటికీలకెల్లి జరసేపు బయటికి జూసింది,
ఆడికెల్లి గంగ కనబడది, పెట్రోలు బంకు కనబడుతది.
ఇంకో ముక్క తీసుకున్నది.
గింజలు రద్దు కాయిదంల ఊసింది.

పొద్దుమీకి ఊడ్వ వచ్చినప్పుడు
ఆ కాయిదం మడిచి అంగీ జేబుల పెట్టుకున్న.
నల్లవి ముప్పై దాక ఉంటయి,
తెల్లవి మొలువయి, అవి ఇడిసిపెట్టిన.