మక్వాలా ఉప్పు

గుర్రం దిగాక మోకాళ్ళు నావి కావు.
బూట్లలో ఏరు ఇంకా గలగలమంటోంది.
మంచుగడ్డ నోట్లోంచి అప్పుడే జారిన నీళ్ళు,
బియ్యం కడిగిన రంగు.
దాటించినందుకు బిముర్జా
ముప్ఫై లారీలు ఇమ్మన్నాడు.
లారీ అంటే వాళ్ళ డబ్బు.
నాకు మాత్రం ముప్ఫై లారీలు వరసకట్టి
ఘాటురోడ్డు ఎక్కుతూ కనబడ్డాయి.
ఇరవైకి తెగింది.

స్వానేతిలో ఇంటికో రాతి బురుజు.
పగలు ముదిరిన కాలంలో
తలుపు బిగించుకుని బతకడానికి కట్టుకున్నారట.
ఇప్పుడందులో బంగాళాదుంపలు, తెగిన జీను,
ఒక పిల్లీ దాని సంసారం.

మక్వాలా ఆ నీడలో కూర్చుని దంచుతోంది.
రోటి చప్పుడు
చెవి కంటే ముందు నా భుజం గుర్తుపట్టింది.
వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప,
మెంతికి దాయాదిలాంటి ఏదో నీలిపూల గింజ,
పచ్చికవాలున వంగి వంగి ఏరుకొచ్చిన అడివి షాజీర,
ఉప్పు,
చివర గుప్పెడు ఎండిన బంతిరేకలు.

బంతా!
మేం గుమ్మానికి కడతాం అన్నాను,
గాలిలో గుమ్మం గీసి, దానికి దండ గీసి.
మనవడు గెగీ ఫోన్లో వెతుక్కుని చెప్పాడు.
మక్వాలా నవ్వి నవ్వి రోకలి పక్కన పెట్టింది:
"గుమ్మం తింటుందా ఏంటి?"

నోటుబుక్కు తీశాను.
ఉప్పెంత?
అరచెయ్యి చూపించింది. ఇంత.
వెల్లుల్లి?
మళ్ళీ అదే అరచెయ్యి.
నా చేతిని లాక్కుని తన చేతిపక్కన పెట్టి చూసి
పెదవి విరిచింది.
దీంతో అయితే వేరే ఉప్పవుతుందట.

సాయంత్రం ఉష్బా రెండు కొమ్ములూ
ఎర్రబడి, ఊదాబడి, ఆరిపోయాయి.
బల్ల చుట్టూ పన్నెండుమంది.
మొక్కజొన్నపిండిలో చీజ్ కూరి కాల్చిన రొట్టెలు,
గరిటె ఎత్తితే గజం పొడుగు సాగే దుంపల ముద్ద,
అన్నిటి మీదా ఆ ఉప్పు.
మొదటి గ్లాసు దేవుడికి.
రెండోది ఎవరికో నాకు అర్థం కాలేదు, తాగాను.
మూడోదానికి అందరూ లేచి నిలబడ్డారు.
ఇది పోయినవాళ్ళది.

పది లారీలకి నాతో అంత గింజుకున్న బిముర్జా
తమ్ముడి పేరు చెప్పాడు.
మార్చి నెల, మంచుపెళ్ళ,
అంతే అన్నాడు.
రొట్టెముక్క మీద రెండు చుక్కలు ఒంపాడు.
వంతు తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది.

ఎవరూ లేరు అందామనుకున్నాను.
నోట్లోంచి వచ్చింది తాయారు టీచరు.
ఆరో తరగతి, సాంఘికం.
చిరిగిన అట్లాసుని అన్నంతో అంటించి అంటించి
నల్లసముద్రం మీద ఒక మెతుకు ఎండిపోయి ఉండేది.
ఆ మెతుకు పక్కన వేలు పెట్టి
"ఇవి కాకసస్ కొండలు.
నేనూ చూళ్ళేదర్రా, ఉన్నాయిట" అంది.
జిల్లా దాటకుండానే పోయింది.
ఇన్నేళ్ళలో ఒక్కసారీ తలుచుకోలేదు నేను.

పన్నెండు నోళ్ళు ఆ పేరు పలకబోయి
దీర్ఘం మింగేశాయి.
తయారు, తయారు అన్నాయి,
ఆవిడ చీరకుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని
ఏటి అవతల గుర్రం కోసం
నిలబడి ఉన్నట్టు.

గెగీ అడిగాడు, నువ్వేడుస్తున్నావా అని.
కారం అన్నాను.
నమ్మాడు. చిన్నవాడు.

పొద్దున్నే మెస్తియాకి వ్యాను.
ఒళ్ళో ఉప్పుపొట్లం,
మూడు కవర్లు చుట్టినా ఆగని వాసన.
ఎదురుసీటు ముసలావిడ ముక్కు ఎగబీల్చి
ఎవరింటిది అంది.
ఆ మాత్రం సైగకే తెలిసింది.
మక్వాలా, అన్నాను.
పొట్లం విప్పించింది.
చిటికెడు నాలిక మీద వేసుకుని
మనిషెత్తు గడ్డిపూల కేసి, వాటి వెనక మంచు కేసి
చాలాసేపు చూసింది.
ఏదో అంది. డ్రైవరు నవ్వి చెప్పాడు:
వెల్లుల్లి తక్కువట.

అని, ఇంకో చిటికెడు తీసుకుంది.