నీళ్లు నిలిచే చోటు

సౌత్ ఫిలడెల్ఫియాలో మా బడి ఆటస్థలం
పేరుకే ఆటస్థలం.
ఈ కంచె నుంచి ఆ కంచె దాకా తారు.
జూన్‌లో చెప్పు అంటుకునేంత మెత్తన,
జనవరిలో మోకాలిచిప్పతో పాత పగేదో ఉన్నంత గట్టి.
నేను లంచ్ డ్యూటీ మనిషిని.
ఏడేళ్లుగా నా ఏప్రన్ జేబులో
ఒక ఈల, బోలెడు బ్యాండేజీలు.

కిందటేడు మార్చిలో
చుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని ఆర్కిటెక్టు వచ్చింది.
టేపు పట్టి కొలిచింది,
ఎండ ఎటు పొర్లుతుందో రాసుకుంది.
"ఆ మూల పల్లం, నీళ్లు నిలుస్తాయి,
ముందు దాన్ని చదును చెయ్యాలి" అంది.
విట్లాక్ గారు గట్టిగా తలూపారు.
ఇరవై రెండేళ్లు ఆ నీళ్లని చీపురుతో తోసిన మనిషి.

జిమ్‌లో మీటింగు. మంగలిషాపాయన బెంచీ అడిగాడు.
కంబోడియా మామ్మ సోఫీప్
నిమ్మగడ్డి వేసుకోడానికి జానెడు మట్టి అడిగింది.
వెనక వరసలో ఎవరో
"గేటుకి తాళం వెయ్యకండి, అంతే చాలు" అన్నారు.
పిల్లలకి క్రేయాన్లు ఇచ్చాం.

నూట పద్నాలుగు బొమ్మలు.
జారుడుబల్లలు, ఒక డ్రాగన్, డ్రాగన్‌కి వేరే జారుడుబల్ల.
సగానికి పైగా కాగితాల్లో
అదే మూల, ఒక నీలి గుండ్రం.
"స్విమ్మింగ్ పూల్ కావాలట, పాపం" అని
డబ్బుల లెక్క చూసుకుని నవ్వుకున్నాం.

జకాయా, రెండో తరగతి,
ముందు పళ్లు రెండూ లేని పిల్ల,
నా ఏప్రన్ పట్టి లాగింది.
"పూల్ కాదు. అది మా గుంట.
వానైన మర్నాడు అందులో మబ్బులుంటాయి.
మేం వంతులేసుకుని వాటిని దాటతాం."

ఏడేళ్లు ఆ గుంట పక్కనే నిలబడ్డాను.
సాక్సులు తడుస్తాయని ఊదిన ఈల
నాదే.

గీతలు మళ్లీ గీశారు.

వేసవంతా గోడ మీద పని.
పగిలినవి తెమ్మంది ఆర్టిస్టు.
మంగలాయన అద్దం ముక్క తెచ్చాడు.
వీధి చివర కార్మెలా, పగలని పళ్లెం తెచ్చి
మెట్టు మీద తనే కొట్టింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నేను ఆవకాయ జాడీ మూత.
విమానంలో మూడు చీరల మధ్య బతికొచ్చి
ఇక్కడ సింకులో జారి చచ్చింది.
గోడ మీద అదిప్పుడు తాబేలు వీపు.

అక్టోబరులో మొదటి వాన.
గుంట చుట్టూ నీలి పెంకులు, రెండంగుళాల లోతు.
విట్లాక్ గారు అలవాటుగా చీపురు తెచ్చి
దానికి గడ్డం ఆనించి నిలబడ్డారు.
నీళ్లలో నా తాబేలు తలకిందులుగా ఈదుతోంది.
జకాయాకి పళ్లొచ్చాయి. లైన్లో మూడో మనిషి.

ఇప్పుడు నా జేబులో
బ్యాండేజీలు,
నాలుగు జతల పొడి సాక్సులు.
ఈల ఎక్కడ పెట్టానో
వెతకాలి.