ముప్పైకి ఒక గింజ తక్కువ

సిరొంచ సంతల, పొద్దు నెత్తి మీదికొస్తుంటె
మడావి సోమిబాయి కొంగుముడి విప్పి
నా పెట్టె మీద ఒక బిళ్ళ పెట్టింది.
"పుచ్చతీగెలకు చెలిమె తోడుతుంటే దొరికింది.
కరగబెట్టు. మనుమడి మొలతాడుకు గంటలు చెయ్యి."

చింతపండు పెట్టి తోమిన.
ప్రాణహిత ఇసుక రాలినకొద్దీ
ఒకవైపు మొగం తేలింది, చెవి మీదుగ ఆకుల దండ,
చుట్టూ రాత:
ఆఫీసు మరాఠీ కాదు, అంగడి తెలుగు కాదు.

రెండోవైపు ఇద్దరు పిల్లగాండ్లు.
నడుమ రెండు గుండ్రటి డాళ్ళు, వెనుక నిలువు ఈటెలు.
"డాళ్ళేంది? పుచ్చకాయలు" అన్నది సోమిబాయి.
"నక్కలొస్తయని కట్టెలు పట్టుకొని కావలున్నరు.
పైన సూడు, అంబలి గంటె.
వాళ్ళమ్మ పంపింది."

గంటె నిజమే.
దాని పక్కన వంకర కట్టె కూడ నిజమే.

ఆమె ఉప్పు కొనపోయినప్పుడు
చాయ్ తాగుతున్న డోంగ్రె మాస్తరు
అద్దాలు పైకి నెట్టి చూసి మెల్లగ చెప్పిండు:
రోము రాజట, వీళ్ళు ఆయన మనుమలట,
తన తర్వాత గద్దెకని దత్తత తీసుకున్నడట.
ఇద్దరూ ఆయనకంటె ముందే పోయిన్రు.
పోయినోళ్ళు వెండి మీద నిలబడి
సముద్రం దాటి, మిరియాల మూటలకు ఎదురొచ్చి
ఈ ఇసుకల పండుకున్నరు.

ఆ మాట నేను సోమిబాయికి చెప్పలే.

నా కన్ను ఇంకోదాని మీదుంది.
రాజు చెంప మీద గంటు. ఉలి గంటు.
కోపంతో కొట్టింది కాదది, అనుమానంతో కొట్టింది.
ఎవడో నా అసోంటోడు, ఏ కాలపు అంగట్లనో,
లోపల వెండేనా, రాగి మీద పూతనా అని
రాజని చూడకుండ ఒక్క పోటు పొడిచి
తెలుపు కనబడ్డంక తల ఊపి ఉంటడు.
వాని పేరెక్కడ లేదు.
బొటనవేలి గోరు ఆ గంట్ల పెట్టిన. పట్టింది.

త్రాసుల గురిగింజలేస్తే ముప్పైకి ఒకటి తక్కువ.
ఆ ఒక్క గింజెత్తు వెండి
ఎంతమంది వేళ్ళకంటుకొని పోయిందో.

కుంపటి ఊదిన. మూస ఎర్రబడ్డది.
ఉప్పు మూటతో తిరిగొచ్చిన సోమిబాయి
నిప్పును చూసింది, బిళ్ళను చూసింది, చెయ్యి చాపింది.
"వద్దుతియ్. కాయ కోతకొచ్చినదాక ఉండనియ్యి.
కావలోళ్ళను ఎవరన్న నిప్పుల పెడ్తరా?"

తీగె చుట్టి, కొండి పెట్టి, నల్లదారం కట్టిచ్చిన.
కూలి కింద పుచ్చకాయ తెచ్చిస్తనన్నది,
మళ్ళ సంతకు తెచ్చింది.
చంకల పెట్టుకొని తట్టి చూసిన, మంచి చప్పుడే.
అయినా
కత్తి తీసిన.